ఎనిమిది సెకన్ల లినక్సు, పదో తరగతి సన్యాసమ్మ

కంప్యూటరు కొన్నవాడు దాన్ని వాడకూడదు. దానికి తగిన లినక్సు ఏదా అని వెతుకుతూనే ఉండాలి. స్త్రీవిద్యకు ఇంతకు మించిన సేవ ఇంకొకటి లేదు!

నవ్వకండి. కూర్మన్నపాలెం వెళ్లి నీలకంఠాన్ని చూసొచ్చి, అప్పుడు నవ్వండి.

నీలకంఠం స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర మనిషి. భార్య సన్యాసమ్మ అంగన్‌వాడీ ఆయా. పదో తరగతి పాసైతే టీచర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని, నలభై ఆరేళ్ల వయసులో ఓపెన్ టెన్త్ కట్టింది. ఫోన్లో వీడియో పాఠాలు చూస్తుంటే అంకెలు చీమల్లా పాకుతున్నాయంది. నీలకంఠం గుండె కరిగింది. అరచేతిలో ఇమిడే బుల్లి కంప్యూటరు కొనుక్కొచ్చి హాల్లో టీవీకి తగిలించాడు.

అది బల్బంత కరెంటు కూడా తాగదు. బలమూ అంతంతే. కాబట్టి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ తేలికగా ఉండాలి, అంటే లినక్సు కావాలి. లినక్సు ఉచితం. ఒక్కటే రకం ఉంటే గొడవే లేకపోయేది. వందల రకాలున్నాయి!

మొదటిది స్విచ్చేసిన యాభై రెండు సెకన్లకు తెరుచుకుంది. పాఠం చక్కగా వచ్చింది. సన్యాసమ్మ నోట్సు తీసింది. నీలకంఠం మొహం మాడిపోయింది.

"యాబై రెండా! ఈలోపు నాను స్నానం సేసొచ్చీగల్ను."

ఆ పూటే దాన్ని చెరిపేశాడు.

మర్నాడు ప్లాంటు బస్సులో పక్క సీటు దేవీప్రసాద్ అందుకున్నాడు. "బావా, కుక్కపిల్ల పేరుతో ఒకటుంది, ఏసి సూడు. ముప్పై దాటితే నా మీసం తీయించీసుకుంతాను."

ముప్పై ఒకటి వచ్చింది. మీసం ఉండాలా పోవాలా అని బస్సంతా రెండు షిఫ్టులు వాదించింది. లినక్సు మాత్రం పోయింది.

తర్వాతది ఇరవై నాలుగు. ఆ తర్వాతది పంతొమ్మిది, కానీ శబ్దం రాదు. ఇంకోదానికి శబ్దముంది, బొమ్మ లేదు. స్విచ్ ఆపడం, వేయడం, సెల్‌లో సెకన్లు చూడడం, నిట్టూర్చడం! డ్యూటీ దిగితే అరగంటకో టీ అడిగే మనిషి టీ మర్చిపోయాడు. కళ్లజోడు తన నెత్తి మీదే పెట్టుకుని "సన్యాసీ, నా కళ్లజోడేదే?" అని వీధి చివరికి వినపడేలా కేకేసే మనిషి, కేకలూ మర్చిపోయాడు. ఇంతటి తపస్సు మీ ఇంట్లో ఎవరైనా చేశారా? చెప్పండి!

పరీక్షలకు నెలరోజులుందనగా సన్యాసమ్మ చేతిలో గరిటెతో హాల్లోకొచ్చింది.

"ఏటయ్యా, నీ ఫర్నేసు ఎన్ని సెకన్లలో అంటుకుంటాది?"

"ఎర్రిదానా, ఫర్నేసు ఎవడైనా ఆపుతాడేటి? ఏళ్ల తరబడి అలా ఎలుగుతానే ఉంటాది."

"మరి దీన్నెందుకు ఆపుతన్నావు? బల్బంత కరెంటు కూడా తాగదన్నావు కదా."

నీలకంఠం ఆమెను జాలిగా చూశాడు. "ఆపకపోతే, ఎంత స్పీడుగా లెగుత్తాదో ఎలాగ తెలుత్తాదే?"

ఈ ప్రశ్నకు పెద్ద పెద్ద ఇంజనీర్ల దగ్గర కూడా జవాబు లేదు. సన్యాసమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ వారమే చరిత్ర సృష్టించాడు. ఎనిమిది సెకన్లు! తెర నల్లగా ఉంది. ఓ మూల చిన్న తెల్ల గీత మిణుకు మిణుకుమంటోంది.

"పాఠమేది?" అంది సన్యాసమ్మ.

"పాఠాలూ బొమ్మలూ పెడితే బరువెక్కిపోతాది. సెకన్లు పెరిగిపోవూ?"

జూన్‌లో సన్యాసమ్మ జిరాక్స్ షాపు నుంచి మార్కుల కాగితం తెచ్చింది. పాస్! లెక్కల్లో నలభై ఒకటి.

నీలకంఠం కాగితాన్ని టీవీకి ఆనించి నిలబెట్టి, బుల్లి కంప్యూటరును ప్రేమగా తుడిచాడు. "సూసావా మరి! అంతా దీని సలవే."

"మరే," అంది సన్యాసమ్మ. "ఇంటర్ కూడా కట్టీనాను."

"కట్టీసినావా! అయితే ఏడు సెకన్లది ఒకటొచ్చిందంట. రేపే ఎక్కించీత్తాను."

సన్యాసమ్మ కందిపప్పు డబ్బాకు ఆనించి ఉన్న ఫోను తీసి, కొత్తగా చేయించుకున్న కళ్లజోడు పెట్టుకుంది. ఆర్నెల్లుగా ఆమె బడి ఆ డబ్బా పక్కనే.

"తొందరేటి నేదయ్యా, నిమ్మలంగా ఎతుకు," అంది. "ఇంటర్ రెండేళ్లు."