చిక్కటి మందు, సన్నటి సూది

ఆ ఆదివారం పొద్దున నేను చెయ్యవలసిన పనులు ఇవి:

ఒకటి, అమ్మ కళ్ళలో చుక్కల మందు వెయ్యడం.
రెండు, పబేడాన్ బజారుకి వెళ్ళి దీపానికి నువ్వుల నూనె తేవడం.
మూడు, మా ఆవిడ ప్రమోద గుడికి బయల్దేరేదాకా మంచివాడిలా కూర్చోవడం.
నాలుగు, ఆమె గుమ్మం దాటగానే కార్ట్రిడ్జ్ నింపడం.
ఐదు, ఆమె తిరిగొచ్చేలోగా చేతుల వాసన పోగొట్టుకోవడం.

మూడోది చక్కగా చేశాను. నాలుగోది సగం చేశాను. మిగతావాటి గురించి చెప్పుకోడానికి నాకు మొహం లేదు.

బర్మా తెలుగువాళ్ళమైన మా వంశంలో మొదటి డిగ్రీ నాది. చౌక్తడా పేటలో గుమాస్తా ఉద్యోగం. అయినవాళ్ళలో ఎవరికి ఏ మందు సీసా వచ్చినా చదివిపెట్టమని నా దగ్గరికే తెస్తారు. అలాంటి నాకు డాక్టరు ఎక్స్‌రే చూపించి, ఊపిరితిత్తిలో నీడ ఉందనీ, పొగ మానకపోతే తను చెయ్యగలిగిందేమీ లేదనీ చెప్పాడు.

నేను చాలా ఆలోచించాను. చదువుకున్నవాణ్ణి కదా. సిగరెట్టు మానేసి ఈ-సిగరెట్టు కొన్నాను.

ప్రమోద మాత్రం అమ్మవారికి మొక్కుకుంది. నలభై రోజులు ఒంటిపూట భోజనం, ఆరకుండా దీపం. మధ్యలో దీపం ఆరితే మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలెట్టాలి. ఆ ఆదివారానికి ముప్పై ఎనిమిదో రోజు. అప్పటికే జాకెట్టు చేతులు రెండుసార్లు కుట్టు బిగించుకుంది. అది చూసినప్పుడల్లా నాకు బాధ కలిగేది. బాధ కలిగినప్పుడల్లా స్నానాలగదిలోకెళ్ళి రెండు దమ్ములు పీల్చేవాణ్ణి.

ఆ గొట్టాన్ని ఇంట్లో ఆఫీసు పెన్ డ్రైవ్ అని చెప్పాను.

"ఈ డ్రైవులో ఏటుందండీ?" అని ఒకసారి అడిగింది.

"ఫైళ్ళు."

"ఫైళ్ళకి మామిడిపండు వాసనేటి?"

"కొత్త ఫైళ్ళు."

ఆమె ఇంకేమీ అడగలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

ఇంతలో బజారులో ఆ గొట్టానికి తొడిగే కొత్త కార్ట్రిడ్జ్‌లు దొరకడం మానేశాయి. పాతదాన్నే నింపుకోమని కో సోయ్ విన్ ఒక సీసా మందు ఇచ్చాడు. ఈ సరుకులన్నీ నేను అతని దుకాణంలోనే కొంటాను. "కొంచెం చిక్కన, వెచ్చబెట్టుకో" అన్నాడు. కొంచెమా? సీసా తలకిందులు చేసి నేను పళ్ళు తోముకుని వచ్చినా చుక్క జారేది కాదు.

నాలుగు వీడియోలు చూసి నోట్సు రాసుకున్నాను. సన్నసూది సిరంజితో లాగాలి. గాలిబుడగ రాకూడదు. లోపలి దూది బాగా నానాలి, నానకుండా పీలిస్తే మాడు కంపు. నోట్సు బాగానే ఉంది. మందు మాత్రం నోట్సు చదువుకోలేదు. గట్టిగా నొక్కితే సూది ఊడి అద్దానికి కొట్టుకునేది. మెల్లగా నొక్కితే నా బొటనవేలికి తిమ్మిరెక్కేది. సీసాను చంకలో పెట్టుకుని గంటసేపు పేపరు చదివాను. టీ గ్లాసులో ముంచాను. ఆ టీ తాగిన సంగతి ఇక్కడ రాయను.

వేడినీళ్ళు కాద్దామంటే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో ఎప్పుడూ వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, అమ్మవారి దీపం పక్కన.

అక్కడే పెట్టాను. దండం కూడా పెట్టాను.

ఆ ఆదివారం ప్రమోద వెళ్ళగానే సగం నింపాను. మళ్ళీ మందు గట్టిపడింది. సీసాను దీపం పక్కకి చేర్చి, జిడ్డు చేతులు కడుక్కోడానికి స్నానాలగదిలోకి వెళ్ళాను.

మా అమ్మ సూరమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. దీపం కొడిగడుతోందని మాత్రం ఎలాగో కనిపెట్టింది. నూనె డబ్బా ఖాళీ. పక్కన తడిమితే చేతికి వెచ్చటి సీసా తగిలింది. కోడలు ముందుచూపుతో పెట్టి వెళ్ళిందనుకుని మొత్తం ప్రమిదలో వంపేసింది.

నేను బయటికొచ్చేసరికి వత్తి చిటపటమంటోంది. ఇల్లంతా మామిడి వాసన.

"ఒరే హరీ," అంది అమ్మ, "అమ్మోరొచ్చిందిరా. మావిడిపళ్ళు తెచ్చుకుందిరా."

ఎదురింటి బర్మా ఆవిడ డా తిన్ తిన్ తలుపు తీసి వాసన చూసి చేతులు జోడించింది. ఆమె కింది అంతస్తు వాళ్ళకి చెప్పింది. పావుగంటలో ఆరో అంతస్తులోని మా ఇంటికి మెట్లనిండా మనుషులు. గుడి పెద్ద వాసుదేవరావు మావయ్యని ఎవరు పిలిచారో తెలియదు. ఆయన ఆయాసపడుతూ ఎక్కి, దీపం మీదికి వంగాడు.

"డిగ్రీ సదివేవు కదా బాబూ. ఇదేటి వాసన?"

"మామిడి, మావయ్యా."

"అది నాకూ తెల్సు."

ఆయన ఇంకొంచెం వంగాడు. దీపం ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడు జనాన్ని తప్పించుకుంటూ ప్రమోద లోపలికొచ్చింది. ఆరిన వత్తిని చూసింది. గోడకి ఆనుకుని కూర్చుంది.

"సరే. మళ్ళీ ఒకటో రోజు నించి," అంది.

ఆ బిగించిన జాకెట్టు చేతులు చూశాక నాకు ఇంక నోరు ఆగలేదు. అందరి ముందూ చెప్పేశాను. పెన్ డ్రైవ్ కాదని, సిరంజి సంగతి, సీసా సంగతి. అమ్మ మాత్రం "మరి అమ్మోరు రాలేదేటి?" అని రెండుసార్లు అడిగింది.

"నాకు తెల్సు," అంది ప్రమోద.

"ఏం తెలుసు?"

"పద్దెనిమిదో రోజునే తెల్సింది. కో సోయ్ విన్ కాడికెళ్ళి మాటాడేను. ఆ రోజు నించీ మీ సీసాలో నికోటిన్ లేదు. గ్లిజరిన్, మావిడి ఎసెన్సు. అంతే. మరి సిక్కగుండదేటి?"

ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల తలనొప్పీ, చిరాకూ, నిద్రలేమీ మందు చిక్కదనం వల్లేననుకుని నేను ఇంకా ఎక్కువ వెచ్చబెట్టాను.

"అంటే నేను మానేశానా?"

"మానేసి ఇరవై రోజులైంది. సెప్తే మళ్ళీ మొదలెడతారని సెప్పలేదు."

మెట్ల మీద ఎవరో నవ్వారు. వాసుదేవరావు మావయ్య నవ్వలేదు.

"మొక్కు మొక్కే. దీపం ఎవరి వల్ల ఆరిందో ఆలే ఉండాల. నలభై రోజులు, ఒంటిపూట."

"మానడానికి ఇంకేమీ మిగల్లేదు కదా మావయ్యా?" అన్నాను.

"ఇడ్లీలున్నాయి కదా," అన్నాడాయన.

జనం దిగిపోయాక కంచంలో అన్నం పెట్టి ప్రమోద ముందుంచాను. నాకు వీలుకాదు గనక ఆమె అయినా ఈ రాత్రి నుంచి రెండుపూటలా తింటుందని సంతోషించాను. ఆమె కంచం నా వైపు జరిపింది.

"ఇదే ఇయ్యాల్టి పూట. సగం మీరు తినండి. రాత్రికి ఇద్దరికీ లేదు."

"నీకెందుకు? మొక్కు నాకు మార్చారు కదా."

"మిమ్మల్ని ఒక్కర్నీ నమ్మీసి నేనెలా తింటానండీ?"

కంచంలో సగం నేను తిన్నాను.

సోమవారం నుంచి లెక్కేస్తే ఇది రాస్తున్న ఈ రోజు పదకొండో రోజు. నాకు ఆకలి వెయ్యడంలో అన్యాయమేమీ లేదు, నన్ను తలచుకోనక్కర్లేదు. మీరు రాత్రి భోజనానికి కూర్చుని రెండోసారి అన్నం వడ్డించుకునేటప్పుడు మాత్రం, ఒక్క క్షణం ప్రమోదను తలచుకోండి. ఆమెకిది నలభైతొమ్మిదో రోజు.