దూలం గారి చెయ్యి

ఆ ఉదయం దూలం గారు పెట్టుకున్న పనులు రెండే. మధ్యాహ్నం శాసనసభలో చెయ్యెత్తడం, సాయంత్రానికి మంత్రి అయిపోవడం. సగం జీవితం కలప వ్యాపారం చేసి, ఈమధ్యే శాసనసభ్యుడైన ఆయనకు జనం ముద్దుగా పెట్టిన పేరది. అద్దం ముందు నిలబడి ఒకసారి చెయ్యెత్తి చూసుకున్నారు.

"ఏమండీ, చంక దగ్గర చొక్కా పట్టేస్తోంది, మార్చుకోండి," అంది భార్య. "అటవీశాఖ మీకేనని మా పుట్టింట్లో అందరికీ చెప్పేశాను. నా పరువు తియ్యకండి."

"చెయ్యెత్తడమేగా! నేను సంపాదించిందంతా చెయ్యెత్తేగా!"

చిక్కంతా అక్కడే ఉంది. కలప వేలంలో సుత్తి కొట్టి ఒకటోసారి అంటే ఆయన కదలరు. రెండోసారి అంటే ఆవులిస్తారు. అందరూ నీరసపడ్డాక, మూడోసారి అనబోతుండగా చెయ్యి లేపి దుంగలు పట్టుకుపోతారు.

సభ కిటకిటలాడుతోంది. ఒక్క చెయ్యి తగ్గినా ప్రభుత్వం పడిపోతుంది. స్పీకరు బల్లమీద సుత్తితో కొట్టి, "విశ్వాస తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి," అన్నాడు. సుత్తి చప్పుడు చెవిన పడగానే దూలం గారు కలప వేలంలోకి వెళ్లిపోయారు. చేతులు కట్టుకుని తీరిగ్గా ఆవులించారు.

పక్క సీట్లో ఉన్న బావమరిది, అతనూ సభ్యుడే, గతుక్కుమన్నాడు. "బావా, చెయ్యి!"

"ఆగరా. తొందరపడితే రేటు పెరిగిపోతుంది."

బావమరిది ఆలోచనలో పడ్డాడు. ఏనాడూ నష్టానికి బేరం చెయ్యని బావ ఆగాడంటే ఇందులో ఏదో మతలబు ఉంది! ఎత్తిన చెయ్యి మెల్లగా దించేశాడు. అది చూసి వెనక వరుస దించేసింది. దాన్ని చూసి ఆ వెనక వరుస. చివరికి అధికార పక్షంలో గాలిలో మిగిలింది పార్టీ అధినేత చెయ్యి ఒక్కటే.

"తీర్మానం వీగిపోయింది," అన్నాడు స్పీకరు.

దూలం గారు ఉలిక్కిపడి చెయ్యెత్తారు. "అదేంటండీ, రెండోసారి అనకుండానే?"

ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. సొంత ప్రభుత్వాన్ని తానే కూల్చుకున్నానని ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది. ఇంతలో ప్రతిపక్ష నాయకుడు పరుగున వచ్చి వాటేసుకున్నాడు.

"ఎంత ధైర్యం సార్ మీది! మా ప్రభుత్వంలో అటవీశాఖ మీదే."

దూలం గారికి నోట మాట రాలేదు.

"చాలదా? పరిశ్రమలు కూడా తీసుకోండి."

దూలం గారు గుడ్లప్పగించి చూశారు.

"గట్టివారే! సరే, ఆర్థికశాఖ. ఇంక నా దగ్గర మిగిలింది నా కుర్చీ ఒక్కటే!"

దూలం గారు దభీమని వెనక్కి పడిపోయారు.

సందర్శకుల గ్యాలరీ నుంచి భార్య పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్లు చల్లింది. ఆయన కళ్లు తెరిచేదాకా ఆగి, "ఇంకో నిమిషం ఆగి పడిపోకూడదూ," అంది.