కర్త లేని వాక్యం

ఒక పెద్ద అడవిలో, పడమటి రేవుకు వెళ్ళిన దుప్పిపిల్లలు ఏమవుతున్నాయన్నది తాను చర్చించనని శల్యాచార్యులు అనే ముళ్ళపంది ఆ అడవిని ఏలే చిరుతదొర కొలువులో చేరిన రోజే ప్రకటించాడు. "ఎవరు తింటున్నారన్నది అసలే చర్చించను. వాక్యం సరిగా ఉన్నదా లేదా అన్నంతవరకే నా బాధ్యత," అన్నాడు. ఆ నిష్పాక్షికతను అడవి గౌరవించింది. అందరికంటే ఎక్కువగా గౌరవించినవాడు ఆయనే.

అంతకుముందు ఆ అడవికి వార్తలు అరిచేవారు ముగ్గురు: కొండముచ్చు, నెమలి, తీతువు. ఒకరు అన్నది మరొకరు కాదనేవారు. ముగ్గురినీ విని, ఏ రేవులో నీళ్ళు తాగాలో జంతువులు తేల్చుకునేవి.

ఒక వేసవిలో చిరుతదొర కొండముచ్చు ఉండే మేడిచెట్టును, నెమలి ఆడే మైదానాన్ని, తీతువు గుడ్లు పెట్టే ఇసుకమేటను వరసగా స్వాధీనం చేసుకున్నాడు. ఎవరినీ వెళ్ళగొట్టలేదు. "గొంతులు మీవే. మాట మాత్రం ఆచార్యులవారు రాసిస్తారు," అన్నాడు.

ఆచార్యులు వీపు నుంచి ఒక ముల్లు తీసి టేకాకు మీద మొదటి వార్త గీశాడు: "పడమటి రేవులో చిరుత దుప్పిపిల్లను తిన్నది." గీసినచోట ఆకు ఎర్రబడింది.

దొర నింపాదిగా చదివాడు. "భాష అమోఘం, ఆచార్యా. చిన్న సందేహం. కర్త లేకపోయినా తెలుగు వాక్యం నిలబడుతుందంటారు, నిజమేనా?"

"నిస్సందేహంగా," అన్నాడు ఆచార్యులు, ఇన్నాళ్ళకు ఒకరు వ్యాకరణం అడిగినందుకు పొంగిపోయి.

"మరి పాపం ఆ కర్తకు శ్రమ దేనికి?"

ఆచార్యులు సవరించాడు: "పడమటి రేవులో దుప్పిపిల్లను తినడం జరిగింది." మూడు గొంతులూ అదే అరిచాయి.

"దానంతట అదే జరిగిందట," అన్నది ఎలుగుబంటి.

"ముగ్గురూ ఒకటే అంటున్నారంటే నిజమే అయ్యుంటుంది బావా," అన్నది కుందేలు. "ఆ పిల్లలోనే ఏదో లోపం."

మర్నాడు ఆచార్యుల బొరియ ముందు ఒక టేకాకు కనిపించింది. గిట్టతో గీసిన ఉత్తరం. "అయ్యా, పోయింది మా పెద్దపిల్ల. ఎవరు తిన్నారండి? చిన్నది దాహమంటోంది. ఏ రేవులో నీల్లు తాగించను? ఇట్లు, దుప్పి చుక్కమ్మ."

ఆచార్యులు 'నీల్లు' చుట్టూ సున్నా చుట్టి, పక్కన 'నీళ్ళు' అని రాసి, జవాబు తర్వాత ఇద్దామని దాచాడు.

ఆ ఉత్తరం వచ్చిన అయిదో రోజున చిరుతదొర పడమటి రేవు దగ్గర వేటగాళ్ళ గోతిలో పడ్డాడు. తీతువు పరుగున వచ్చింది. "ఆచార్యులుగారూ, దొరను కాపాడమని అడవంతా చాటాలట."

ఆచార్యులు వెంటనే రాసిచ్చాడు: "పడమటి రేవులో గోతిలో పడడం జరిగింది. కాపాడడం జరగవలసి ఉన్నది."

ఎవరు పడ్డారో, ఎవరు కాపాడాలో ఎవరికీ తెలియలేదు. జరిగేదేదో జరుగుతుందని అందరూ పడుకున్నారు. తెల్లారేసరికి వేటగాళ్ళు వచ్చి వెళ్ళారు.

"చుక్కమ్మకు ఇప్పుడు జవాబు రాయవచ్చు," అన్నాడు ఆచార్యులు.

"నాలుగు రోజులు చూసి, చిన్నదాన్ని తీసుకుని గుట్ట దాటిపోయిందండీ," అన్నది తీతువు.

"ఏ రేవుకు?"

"అడగలేదు. మీరు రాసిస్తేనే కదా మేం నోరు తెరిచేది."

ఆ సాయంత్రం ఆచార్యులు కొత్త ఆకు తీసుకుని, "అమ్మా, మీ లేఖ అందడం జరిగింది," అని గీశాడు. ఆకు ఎర్రబడింది. రెండో వాక్యానికి కర్త కావలసి వచ్చింది. ఆ ఉత్తరానికి ఆయన జవాబు ఇవ్వనే లేదు.

నీతి: ఆ అడవిలో తప్పు ఎవరూ చేయలేదు, జరగడం జరిగింది.