ముప్ఫై ఆరుగురి వాకౌట్

మిల్టన్ కీన్స్ తెలుగు సమితి అధ్యక్షులు శ్రీ ఆంజనేయప్రసాద్ గారు వాట్సాప్ గ్రూపులో ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఆయన చేసేవన్నీ చారిత్రక ప్రకటనలే. కమ్యూనిటీ సెంటర్ కార్ పార్కులో గీతల మధ్యనే కార్లు ఆపాలని చెప్పినప్పుడు కూడా ఆ మాటే వాడారు. ఈసారి విషయం మాత్రం నిజంగా పెద్దది. వార్షికోత్సవంలో సినిమా డాన్సులూ, అంత్యాక్షరీ రద్దు. వాటి బదులు వందేళ్ళ నాటి మద్రాసు శాసనమండలి సమావేశాన్ని ఉన్నదున్నట్టు ప్రదర్శిస్తారు. ప్రేక్షకులంటూ ఉండరు, వచ్చిన ప్రతి సభ్యుడికీ వేషం ఉంటుంది. మన పెద్దలు తెల్లవాళ్ళను నిలదీసిన తీరును తెల్లవాళ్ళ గడ్డ మీదే చూపిద్దామని ఆయన ముగించారు. అరగంటలో నూట పన్నెండు దండాల బొమ్మలు వచ్చిపడ్డాయి.

నాటకం రాసే భారం విజయభాస్కర్ మీద పడింది. అతనిది గుంటూరు, ఇక్కడ ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టరు. అతన్ని ఎన్నుకోవడానికి కారణం సాహిత్యం కాదు. లండన్‌లోని పెద్ద లైబ్రరీకి కార్డు ఉన్నవాడు గ్రూపు మొత్తానికి అతనొక్కడే. ఆ కార్డు కూడా మూడేళ్ళ కిందట వాన నుంచి తప్పించుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు తీసుకున్నది. అయినా బాధ్యత అన్నాక బాధ్యతే. వరసగా మూడు శనివారాలు రైలెక్కి యూస్టన్‌లో దిగి, పాత మండలి చర్చల సంపుటాలు ముందేసుకుని కూర్చున్నాడు.

చదివేకొద్దీ అతనికి ఆనందం ఆగలేదు. ఎన్నికైన సభ్యుడొకాయన తమ తాలూకాలో బావి పూడిపోయింది, బాగు చేయిస్తారా అని అడుగుతాడు. విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది అని జవాబు వస్తుంది. రెండేళ్ళ తరవాత సంపుటంలో అదే సభ్యుడు, అదే బావి, అదే జవాబు. విజయభాస్కర్ రీడింగ్ రూములో పైకే నవ్వేశాడు. పక్క బల్ల ఆవిడ కళ్ళజోడు మీదుగా చూసింది. ఓపిక నశించిన రోజున ఎన్నికైన సభ్యులంతా లేచి వాకౌట్ చేస్తారు. అక్కడ అతనికి ఒళ్ళు జలదరించింది. వాళ్ళు వెళ్ళాక లోపల ఏం జరిగిందో సంపుటంలో ఒక్క వాక్యమే ఉంది: తీర్మానం ఓటుకు పెట్టగా ఆమోదం పొందింది. ఆ వాక్యాన్ని అతను పెద్దగా పట్టించుకోలేదు.

ఇంట్లో మాత్రం గొడవ వేరే ఉంది. అతని భార్య బిందుమాధవి ఆరేళ్ళుగా కమ్యూనిటీ సెంటర్ రెండో నంబరు గదిలో, శనివారం పది నుంచి పన్నెండు దాకా, పదకొండుమంది పిల్లలకు తెలుగు నేర్పుతోంది. గది సమితి పేరున ఉంది. దాన్ని ప్రోటోకాల్ లాంజ్ చెయ్యాలని ప్రసాద్ గారి సంకల్పం. ఇండియా నుంచి వచ్చే ఎమ్మెల్యేలు దండ వేయించుకునే ముందు కూర్చుని టీ తాగడానికన్నమాట. కిందటేడు ఒక ఎమ్మెల్యే గారు కారిడార్లో తొమ్మిది నిమిషాలు నిలబడవలసి వచ్చింది. ఆ అవమానం ప్రసాద్ గారిని నేటికీ నిద్రపోనివ్వడం లేదు. పిల్లలదేముంది, ఆన్‌లైన్లో నేర్చుకుంటారని ఆయన ఉద్దేశం. వార్షికోత్సవం రోజునే జరిగే సర్వసభ్య సమావేశంలో ఇది నాలుగో అంశం.

బిందుమాధవి ఊరుకునే మనిషి కాదు. ప్రతి ఇంటికీ ఫోన్ చేసింది. వచ్చేది అరవై ముగ్గురు, అందులో తన వైపు ముప్ఫై ఆరుగురు. పిల్లల అమ్మానాన్నలూ, వాళ్ళ స్నేహితులూను. చేతులెత్తితే చాలు, గది నిలుస్తుంది.

ఇక వేషాల పంపకం వచ్చింది. ప్రభుత్వం వైపు సభ్యులకు సూటూ, తలపాగా, బిళ్ళలూ ఉన్నాయి. ఎన్నికైనవాళ్ళకు నూలు కండువా తప్ప ఏమీ లేదు. అందరూ ప్రభుత్వం వైపే ఎగబడ్డారు. కోవెంట్రీ నుంచి కారేసుకుని వచ్చిన కిషన్‌రావు నామినేటెడ్ జమీందారు వేషం కోసం పట్టుబట్టాడు.

"ఎన్నికైతే ఏమొస్తది భాస్కరన్నా? గల్లీ గల్లీ తిరగాలె. నామినేట్ అయితెనే ఇజ్జత్," అన్నాడు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని పెద్దలు ఊరికే అనలేదు. చివరికి ప్రసాద్ గారే తీర్పు చెప్పారు. ఎన్నికైన సభ్యులకు పేజీలకు పేజీల డైలాగులున్నాయి. కాగితం మీద తెలుగు తడుముకోకుండా చదవగలిగేది ఎవరు? పిల్లల హోంవర్కు దిద్దే తల్లిదండ్రులు. కాబట్టి ఆ ముప్ఫై ఆరుగురూ ఎన్నికైన సభ్యులే. మిగతా ఇరవై ఏడుగురు ప్రభుత్వం. గవర్నరు వేషం ఎవరిదని ఎవరూ అడగలేదు, ప్రసాద్ గారు కోటు అప్పటికే కుట్టించేసుకున్నారు. ఆ రోజుల్లో గవర్నరు రోజూ సభలో కూర్చునేవాడు కాదని విజయభాస్కర్ మెల్లిగా మనవి చేశాడు. ఈ సభలో కూర్చుంటాడని ప్రసాద్ గారు సెలవిచ్చారు.

పైగా ఒక ఉదారమైన సలహా కూడా ఇచ్చారు. "బావులూ చెరువులూ ఎవరిక్కావాలి తమ్ముడూ? మన రెండో నంబరు గది గురించే ప్రశ్న పెట్టు. నేను పరిశీలనలో ఉందంటాను. మీరంతా వాకౌట్ చెయ్యండి. అందరూ పడీ పడీ నవ్వుతారు."

తనను తానే వెక్కిరించుకోగల నాయకుణ్ణి చూసి విజయభాస్కర్ కరిగిపోయాడు. బిందుమాధవి కరగలేదు. కొరివితో తల గోక్కుంటున్నారేమో చూసుకోండంది. హాస్యం అర్థం చేసుకోవాలి మరి అన్నాడతను.

రిహార్సల్స్ నాలుగు జరిగాయి. ప్రతిసారీ వాకౌట్ దగ్గర ప్రసాద్ గారు చప్పట్లు కొట్టి ఆపేసేవారు. తరవాతి భాగం ఎప్పుడు చూద్దామని అడిగితే, మీరు బయటుంటారు కదా, లోపలి సంగతి మేం చూసుకుంటాం, దానికి స్క్రిప్టు ఎందుకు అనేవారు. విజయభాస్కర్‌కు ఒక సీను రాసే పని తప్పింది.

ఆ రోజు రానే వచ్చింది. పిల్లలను పక్క హాల్లో మ్యాజిక్ షోకి పంపేశారు. ఆరింటికల్లా కేర్‌టేకర్ తాళం వేసేస్తాడు కాబట్టి కాలయాపన లేకుండా రెండు కార్యక్రమాలూ నడిపిద్దామని ప్రసాద్ గారు మైకులో చెప్పారు. అందరూ తలలూపారు. కార్యదర్శి వెంకటసుబ్బారావు గారు సమితి హాజరు పుస్తకం తిప్పి అందరి చేతా సంతకాలు పెట్టించారు. నాటకానికి నిజమైన హాజరు పుస్తకం వాడటం విజయభాస్కర్‌కు ఎంతో సహజంగా అనిపించింది.

అతనే లేచి ప్రశ్న అడిగాడు. పిల్లలు కూర్చునే గదిని లాగేసుకోవడం న్యాయమా అన్నాడు. గొంతు నిజంగానే వణికింది. విషయం పరిశీలనలో ఉన్నదని గవర్నరు చెప్పారు. సభ ఘొల్లున నవ్వింది. ఈ అవమానాన్ని సహించం అని విజయభాస్కర్ కండువా విదిలించాడు. దయచేసి ఉండండని గవర్నరు చేతులు జోడించి మూడుసార్లు బతిమాలారు. మూడుసార్లని స్క్రిప్టులోనే ఉంది. ముప్ఫై ఆరుగురూ నినాదాలు చేస్తూ ఫైర్ డోరు తోసుకుని కార్ పార్కులోకి వెళ్ళారు. బిందుమాధవి గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. వెనక నుంచి తోపులాటలో ఆమె కూడా బయటపడింది.

సన్నగా వాన పడుతోంది. అక్కడ టెంటు కింద వేడి సమోసాలూ, టీ సిద్ధంగా ఉన్నాయి. పోరాడేవాళ్ళు ఆకలితో ఉండకూడదని ప్రసాద్ గారే పెట్టించారట. అంత మంచి మనసు. ఏడు నిమిషాల తరవాత తిరిగి రావాలి. ఫైర్ డోరు బయటి నుంచి తెరుచుకోదు. భవనం చుట్టూ తిరిగి ముందు తలుపు దగ్గరికి వెళ్ళి, బెల్లు కొట్టి, కేర్‌టేకర్ వచ్చి తీసేసరికి ఇరవై నిమిషాలైంది.

లోపల కుర్చీలు మడిచేస్తున్నారు. గవర్నరు ఎదురొచ్చి విజయభాస్కర్‌కు శాలువా కప్పారు. ఫొటో అయ్యాక, సర్వసభ్య సమావేశం మొదలెడదామా అని అతను అడిగాడు.

"అయిపోయింది కదా తమ్ముడూ. నాలుగో అంశం ఏకగ్రీవం. కోరం ఇరవై అయిదు, మేం ఇరవై ఏడుగురం ఉన్నాం."

"అది నాటకం కదండీ."

"మీరు బయటికి వెళ్ళడం నాటకం. మేం లోపల చేసింది మీటింగు," అన్నారు ప్రసాద్ గారు, ఎంతో ఆప్యాయంగా.

బిందుమాధవి రెండో నంబరు గదిలోకి వెళ్ళి గోడ మీది అక్షరాల చార్టులు ఒక్కొక్కటీ ఊడదీసుకుంది. ఒకటి చిరిగింది. అప్పుడు మాత్రం ఆమెకు ఏడుపు వచ్చింది.

మీటింగు మినిట్స్ ఆదివారం గ్రూపులో పడ్డాయి, చక్కని తెలుగులో. విజయభాస్కర్ కూతురు తేజకు పదేళ్ళు. క్లాసులో నేర్చుకున్నదంతా కూడగట్టుకుని, నాన్న ఫోను పట్టుకుని, అక్షరం మీద వేలు పెట్టి చదివింది. ఎన్నికైన సభ్యులు ముప్ఫై ఆరుగురు, అధ్యక్షుల వారి విన్నపాన్ని మూడుసార్లు తిరస్కరించి, తమ ఇష్టపూర్వకంగా సభ నుంచి నిష్క్రమించిరి.

"నాన్నా, దిస్ ఈజ్ యువర్ సెంటెన్స్, ఫ్రమ్ యువర్ స్క్రిప్ట్," అంది. ఇంత పెద్ద వాక్యం తప్పు లేకుండా చదివినందుకు ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది.

సోమవారం ఇంకో సందేశం వచ్చింది, ఈసారి అతనొక్కడికే. అతని సేవలను గుర్తించి కార్యవర్గంలోకి నామినేటెడ్ సభ్యుడిగా తీసుకోవాలని అధ్యక్షులు నిర్ణయించారు. దసరాకు రాబోయే ఎమ్మెల్యే గారిని లాంజ్‌లోకి తోడ్కొని వెళ్ళే బాధ్యత అతనిదే. కోటు సమితే ఇస్తుంది.

విజయభాస్కర్ దాన్ని రెండుసార్లు చదివాడు. బిందుమాధవి డైనింగ్ టేబుల్ మీద చిరిగిన చార్టుకు సెల్లోటేప్ అంటిస్తోంది. శనివారం నుంచి క్లాసు ఇక్కడేనని పిల్లల ఇళ్ళకు చెప్పేసింది. తలెత్తకుండానే అడిగింది.

"రాజీనామా ఉత్తరం రాస్తానన్నారుగా సమితికి. రాశారా?"

అతను ఫోను బోర్లించి పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"విషయం పరిశీలనలో ఉంది," అన్నాడు.