ఏ పచ్చ?

ఒక పెద్ద అడవిలో ఆ వేసవికి ఒక్కటే మడుగు మిగిలింది. దాని దగ్గర కాపలా ఉద్యోగం గవ్వ అనే ఆడకుక్కది. కాపలా కాసేవాళ్ళ పిల్లలు అందరికంటే ముందు నీళ్ళు తాగొచ్చని అడవి సభ రూలు. గవ్వకి నాలుగు పిల్లలు. ఉద్యోగం పోయిందా, వాటికి వరస చివర బురదే గతి.

ఆ ఉద్యోగం మీద సభ గుమాస్తా నక్క కన్ను పడింది. తన చెలికాడు కొండముచ్చుకి ఇప్పించాలి కదా! మడుగుకి వచ్చే ప్రతివాళ్ళూ పచ్చ ఆకు ఒకటి చూపించాలని ఆర్డరు తెచ్చింది. ఆ మర్నాడే గవ్వకి రంగుల పరీక్ష పెట్టింది.

"ఇదేం రంగు తల్లీ?" అని వేపాకు చూపించింది.

"పచ్చ."

తంగేడు పువ్వు ఎత్తింది. "మరి ఇది?"

"పచ్చ."

"అదీ పచ్చే, ఇదీ పచ్చేనా?"

"మనుషులు గరికనీ పచ్చే అంటారు, పసుపునీ పచ్చే అంటారు. వాళ్ళంటే భాష, నేనంటే గుడ్డితనమా?"

నక్క ఈసారి మోదుగ పువ్వు తీసింది. గవ్వ తల అటు వంచి, ఇటు వంచి చూసింది.

"ఇదీ... పచ్చేనండీ. కాస్త మాసింది."

"నిప్పులా ఎర్రగా మండిపోతుంటే మాసిందట!" పక్కనే ఉన్న కొండముచ్చు పొట్ట పట్టుకుని నవ్వింది.

"నీలం అడగండి, ఠక్కున చెబుతా," అని బతిమాలింది గవ్వ.

"నీలం సిలబస్‌లో లేదు," అంది నక్క.

కొండముచ్చు ఉద్యోగంలో చేరింది. గొడవ రాకుండా ఆర్డరులో 'ఆకుపచ్చ మాత్రమే' అని దిద్దారు. గవ్వ పిల్లలతో వరస చివరకి పోయింది.

మధ్యాహ్నం ఎండకి అందరి ఆకులూ వాడి పసుపురంగుకి తిరిగాయి. నక్క మాత్రం పొద్దున్నే కంచె లోపలికెళ్ళి మడుగులో ఈదులాడుతోంది.

"ఇది పసుపుపచ్చ. వెనక్కి నడు," అంది కొండముచ్చు సభ పెద్ద ఏనుగమ్మతో.

"నేను తెలియదట్రా నీకు?"

"నువ్వు తెలుసు. నీ ఆకే తెలియదు."

ఇంతలో ఎముకలు నమిలే దుమ్ములగొండి ఒకటి అక్కడే కొమ్మ విరిచి, నవనవలాడే ఆకు చూపించింది. కొండముచ్చు దండం పెట్టి దారిచ్చింది.

వరస చివర గవ్వ ముక్కు ఎగరేసింది. "దుమ్ములగొండి కంపు! ఎవరు వదిలారు?"

"నిఖార్సైన ఆకుపచ్చ! రూలు ప్రకారమే!" అరిచింది కొండముచ్చు.

లోపల్నించి నక్క కేక వినిపించింది. గవ్వ మొరుగుతూ దూకింది. వెనకే ఏనుగమ్మ కంచె తొక్కుకుంటూ వచ్చింది. దుమ్ములగొండి పారిపోయింది, నక్క సగం తోక నోట్లో పెట్టుకుని.

"గవ్వా, మళ్ళీ నువ్వే కాపలా," అంది ఏనుగమ్మ.

"దానికి రంగులు తెలియవండీ!" మూలుగుతూనే అడ్డుపడింది నక్క.

"ఆర్డరు దిద్దు. 'పచ్చ' చాలు. ఏ పచ్చో గవ్వ వాసన చూసి చెబుతుంది."

నాలుగు పిల్లలూ అందరికంటే ముందు మూతులు నీళ్ళలో ముంచాయి.

నీతి: రంగులు తెలిసినవాడికి ఉద్యోగం ఇవ్వండి, తప్పులేదు, కాపలా మాత్రం రంగులు తెలియకపోయినా వాసన తెలిసినవాడికి ఇవ్వండి.