జీపుకు రెండు తాళ్లు

సర్కారు తోపుల్లో జీపులు తోలే బాబులను ఎవరూ ఏమీ అనకూడదు! వాళ్లే లేకపోతే సముద్రం ఒడ్డున బతికేవాళ్లకు అన్నంలో ఇసుక అందేదెలా?

నమ్మకం లేకపోతే వాకాడు అవతలి నాగులమ్మను అడగండి. ఆమె ఇంటికీ సముద్రానికీ మధ్య అటవీ శాఖవారి సరుగుడు తోపుంది. తుపానుకు చెట్లు పడిపోయినచోట మళ్లీ మొక్కలు నాటింది, రెండు వేసవులు బిందెలతో నీళ్లు మోసింది ఆమే. అవి బతికితే గాలికి అడ్డు. లేకపోతే ఇసుక నేరుగా కుండలోకే! పట్నంవాళ్లకుందా ఈ భాగ్యం?

‘వాహనములు ప్రవేశించరాదు’ అని అక్కడ బోర్డు కూడా ఉంది. ఎంత పనికొచ్చే బోర్డనుకున్నారు! మొన్న ఆదివారం సుశీల్ కుమార్ అనే నెల్లూరు కుర్రాడు దారి లేనిచోట జీపు తోలే ఆఫ్‌రోడింగ్ సరదాకు వచ్చి, ముప్పై మొక్కలు తొక్కించి, ఇసుకలో కూరుకుపోయాడు. వెంటనే ఆ బోర్డే పీకి టైరు కింద వేసుకున్నాడు. చట్టం అంత బరువు మోయడం మీరెక్కడైనా చూశారా?

అయినా జీపు కదల్లేదు.

“అక్కా, కాస్త లాగించవా?”

నాగులమ్మ విరిగిన మొక్కల వంక ఒకసారి చూసింది. “దానికేముంది నాయనా! వల లాగేవాళ్లం, జీపొక లెక్కా?” అని ఆడవాళ్లందరినీ కేకేసింది.

తాళ్లు వచ్చాయి. ఒకటి ముందు కట్టారు, ఒకటి వెనక కట్టారు. పదిమంది అటు, పదిమంది ఇటు. పెద్ద వలకు రెండు కొసలా లాగాలి కదా మరి! జీపు మూలిగిందే కానీ జానెడు జరగలేదు.

“రెండు పక్కలా లాగితే ఎట్టా వస్తుందక్కా?”

“చేపలు వస్తండాయి గదబ్బయా! నీ బండికేం తెగులు?”

ఇంతలో ఫారెస్టు గార్డు గంగాధరం వచ్చాడు. నియమం తప్పని మనిషి. తోపులోకి బండి రాకూడదు కనుక తన బండి బోర్డు దగ్గరే ఆపి నడిచొస్తాడు. ఆయనొచ్చేసరికి జీపులు నెల్లూరు చేరి స్నానాలు కూడా చేసుంటాయి. ఆరోజు బోర్డు కనపడక ఇంకో గంట వెతుక్కున్నాడు పాపం. అయినా జీపు దొరికింది!

కేసు పుస్తకం తీశాడు. సుశీల్ కుమార్ ఎవరికో ఫోన్ చేసి ఆయన చెవికి ఆనించాడు.

“సార్... అట్టనే సార్...”

పుస్తకం మూసుకుంది. “నాగులమ్మా, అందరూ ఒక పక్కకే లాగండమ్మా.”

“ఏ పక్కకు సార్? ఫోనొచ్చిన పక్కకా?”

ఆడవాళ్లు తాళ్లు వదిలేసి మొక్కల దగ్గరికి నడిచారు. గంగాధరం అటూ ఇటూ చూసి, పుస్తకం చంకలో ఇరికించుకుని, తనే తాడు పట్టాడు.

అటవీ చట్టం చేతులు ముడుచుకు కూర్చుందని ఇకమీదట ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. రెండు చేతులా, చెమటలు కక్కుతూ, ఒంటరిగా జీపును లాగుతోంది!