ఉడత పంతులమ్మ చిక్కుడు గింజలు

ఒక పెద్ద అడవిలో పిల్లలకు సైన్సు నేర్పాలని బడి పెట్టారు. తరగతికి గుప్పెడు చిక్కుడు గింజలిచ్చి, మొలిపించి చూపమన్నారు.

ఉడత పంతులమ్మ మంగతాయికి ఈమధ్య మతిమరుపు మొదలైంది. కుందేలు పిల్లను పిలవబోతే పేరు అందక, "ఏమే చెవులూ" అని సర్దుకునేది. సంగతి పైవాళ్ళకి తెలిస్తే బడి మాన్పిస్తారని ఒకటే బెంగ. పిల్లలు లేకపోతే పొద్దెలా గడుస్తుందో ఆమె ఊహకే అందలేదు.

తనిఖీ అధికారి నక్క వచ్చి హుకుం జారీ చేసింది. "రోజూ సాయంత్రం గింజలు తవ్వి తీసి, ఎంత పెరిగాయో నాకు చూపించి, మళ్ళీ పాతండి. రాజుగారు వచ్చేసరికి మొలకలు లేకపోతే మీకు ఉద్యోగం లేదు."

పిల్లలు కునుకు తీస్తుంటే మంగతాయి గింజలు పాతి, అలవాటు కొద్దీ పైన ఆకులు కప్పేసింది. సాయంత్రానికి ఎక్కడ పాతిందో గుర్తు లేదు.

"ఎక్కడ పెట్టావు పంతులమ్మా?" అంది కుందేలు పిల్ల.

"ఉండవే, గుర్తొచ్చేలా ఉంది. మాట్లాడించకు."

"మా నానమ్మా అంతే," అంది ఎలుగు పిల్ల. "తేనె తినేసి, మూతి నాక్కుంటూ తేనె ఏదని వెతుకుతుంది."

నక్క రానే వచ్చింది. "మీ గింజలేవి?"

"లోపలున్నాయండి."

"లోపలంటే?"

"భూమి లోపలండి."

పిల్లలు కిసుక్కున నవ్వారు. "రాజుగారి ముందు చూపించు. లేదా ఇంటికి పో," అని నక్క పళ్ళు నూరింది.

సింహం వచ్చిన రోజున కోతి మాస్టారి గింజలు చేతులు మారి మారి గచ్చకాయల్లా నిగనిగలాడాయి. మొలకలు మాత్రం లేవు. తాబేలు మాస్టారివి కుళ్ళిపోయాయి. ఇక మంగతాయి వంతు వచ్చింది.

"పంతులమ్మా, నా అరికాలికి ఎవరో గిలిగింతలు పెడుతున్నారు," అంటూ ఎలుగు పిల్ల కాలెత్తింది.

చూస్తే, ఆకుల్ని తోసుకుంటూ చిక్కుడు మొలకలు. ఒక్కొక్కటీ గింజ బద్దల్ని నెత్తిన పెట్టుకుని లేస్తోంది.

"ఆ బరువెందుకు మోసుకొచ్చింది?" అంది కుందేలు పిల్ల.

"అది దాని చద్దిమూట," అంది మంగతాయి. "ఆకులొచ్చి సొంతంగా వండుకునేదాకా అదే తింటుంది."

పిల్లలు గెంతులేశారు. పంతులమ్మ కూడా తోక ఎత్తి ఒక గెంతు గెంతింది.

సింహం ముచ్చటపడింది. "ఎలా సాధించావమ్మా?"

అబద్ధమాడితే దాన్ని గుర్తుపెట్టుకోవాలి. అంత ఓపిక లేక మంగతాయి ఉన్నమాట చెప్పేసింది. "ఎక్కడ పాతానో మరిచిపోయానండి."

"భేష్. ఓపిక ఉన్నన్నాళ్ళూ ఈ బడి నీదే," అంది సింహం. "ఏం నక్కా, ఇంత మంచి పద్ధతి నీకెందుకు తట్టలేదు?"

నక్క అక్కడికక్కడే కొత్త హుకుం వేసింది. "రేపటినుంచి మాస్టార్లందరూ గింజలు ఎక్కడ పాతారో మరిచిపోవాలి. సరిగ్గా మరిచిపోయారో లేదో రోజూ సాయంత్రం నేనే వచ్చి తవ్వి చూస్తాను."

కనుక పిల్లలూ, చిక్కుడు మొలవాలంటే మట్టీ నీళ్ళూ ఉంటే చాలదు, తనిఖీ అధికారికి పక్క అడవిలో పని పడాలి.